పక్కింటాయన గరాజ్‌లో 12 అడుగుల పాత విండ్‌సర్ఫర్ దొరికింది. నీళ్లలో దింపాలా, గోడకి తగిలించాలా?

గాలివాటు_గిరి
నేనుండేది శాన్‌ఫ్రాన్సిస్కో దగ్గర ఫోస్టర్ సిటీ. మా పక్కింటి పెద్దాయన ఇల్లు అమ్మేసి ఆరిజోనాలో కూతురి దగ్గరికి వెళ్లిపోతున్నాడు. శనివారం గరాజ్ ఖాళీ చేస్తుంటే సాయం వెళ్లా. కప్పు కింద తాళ్లకి వేలాడుతూ పేద్ద పలక. దించి చూస్తే అసలు సిసలు విండ్‌సర్ఫర్, తెరచాప పట్టుకుని నిలబడి నడిపే పలక. 12 అడుగులు, పాలిథిలీన్ ఒళ్లు, టేకు బూమ్ (చేత్తో పట్టుకునే అడ్డకర్ర), టేకు డాగర్‌బోర్డ్ (గాడిలోంచి నీళ్లలోకి దిగే పలక), సంచీలో చుట్టిపెట్టిన సెయిల్ కూడా ఉంది. "పట్టుకెళ్తే నీది, లేదంటే సోమవారం చెత్తబండిది" అన్నాడు. తెచ్చేసుకున్నా.

పదిహేనేళ్లుగా ఇక్కడి థర్డ్ అవెన్యూ ఒడ్డున సెయిల్ చేస్తున్నా గానీ అంతా షార్ట్ బోర్డుల మీదే. ఇంత పాతదాన్ని ఎప్పుడూ ముట్టుకోలేదు. డాగర్‌బోర్డ్ బిగుసుకుపోయి రావట్లేదు. ముక్కు దగ్గర బెత్తెడు పగులుంది, ఎపాక్సీ పూస్తే సరిపోతుందా? అసలు నీళ్లలో దింపొచ్చా, లేక అలంకారానికేనా?

అన్నట్టు ఆ గరాజ్‌లోనే దుప్పటి కప్పిన 1970 షెవెల్ ఎస్ఎస్ 396 కారు ఉంది. దాన్ని మాత్రం చెత్తబండికి వెయ్యడట :)

ఒక్కలైను_ఓబులేసు
బోర్డు ఆయన్నే ఉంచుకోమని కారు అడగాల్సింది.

టెక్సాస్_తాత
ఎపాక్సీ జోలికి వెళ్లకు! పాలిథిలీన్‌కి మామూలు జిగురేదీ సరిగా అంటదు. పూసిన వారానికి పెంకులా ఊడొస్తుంది. దాన్ని ప్లాస్టిక్ వెల్డింగే చెయ్యాలి. అదే రకం ప్లాస్టిక్ కడ్డీ తెచ్చుకుని, వేడి గాలి గన్నుతో పగులునీ కడ్డీనీ కలిపి కరిగించి నింపెయ్. ముందు ఏదైనా పాత డబ్బా మీద చెయ్యి సాధన చేసుకో. వేడి ఎక్కువైతే లోపలి ఫోమ్ కుంచించుకుపోయి అక్కడ గుంట పడుతుంది. ఇది నా అనుభవం, రెండు గుంటలు.

అన్నిటికంటే ముందు దాన్ని తూచు. నువ్వు బోర్డు పట్టుకుని బాత్రూమ్ కాటా ఎక్కు, తర్వాత నీ బరువు తీసెయ్. కొత్తలో అవి 60 పౌండ్లకి అటూ ఇటూ ఉండేవి. బాగా ఎక్కువొచ్చిందంటే ఆ పగుల్లోంచి ఫోమ్ నీళ్లు తాగిందని అర్థం.

హుడ్‌రివర్_పిన్ని
డాగర్‌బోర్డ్‌ని సుత్తితో బాదకండి గిరి గారూ. టేకు తడికి ఉబ్బి, ఎండి, ఇసుక పట్టి కూర్చుని ఉంటుంది. బోర్డు తిరగేసి గాడిలో సబ్బునీళ్లు పోసి ఓ రాత్రి వదిలెయ్యండి. పొద్దున్న కింద నుంచి మెత్తటి చెక్క ముక్క అడ్డం పెట్టి తట్టండి.

దానికంటే ముఖ్యమైనది మాస్ట్ (సెయిల్ నిలబెట్టే కర్ర) కింది యూనివర్సల్ జాయింట్, దాన్ని ఎటైనా వాలనిచ్చే కీలు. రబ్బరుదైతే వంచి చూసి వెంట్రుకవాసి చీలిక కనిపించినా పారెయ్యండి. ఒడ్డుకి మైలు దూరంలో అది తెగితే చేతిలో సెయిల్ ఒకవైపు, కాళ్ల కింద బోర్డు ఇంకోవైపు. నాకు కొలంబియా నది మధ్యలో అయింది. ఓ బార్జి వాడు హారన్ కొడుతూ వస్తున్నాడు. ఆ రోజు మొక్కిన మొక్కు ఇంకా బాకీ ఉంది.

గాలివాటు_గిరి
పిన్నీ, మరి మాస్ట్ అడుగున ఉన్నది చెక్క మేకులాంటిదే. బోర్డు గాడిలో ఊరికే దూర్చడమేనా? బిగించడానికి ఏమీ లేదు?

టెక్సాస్_తాత
ఏమీ ఉండదు. బిగువే ఆధారం. వదులైతే డక్ట్ టేప్ రెండు చుట్లు చుట్టేవాళ్లం. బూమ్‌ని కూడా మాస్ట్‌కి తాడుతో కట్టాల్సిందే, ఇప్పట్లా టక్కున మూసే క్లాంపు లేదు. ఆ ముడి సరిగా పడకపోతే నీళ్లలోకి వెళ్లాక బూమ్ జారి మోకాళ్ల దగ్గరికొస్తుంది. 1983లో ఆస్టిన్ దగ్గర లేక్ ట్రావిస్‌లో నేర్చుకున్నా నేను. మొదటి నెలంతా సెయిలింగ్ కంటే ముడులెయ్యడమే ఎక్కువ.

ఇంకో చోద్యం. గాలి వెనక నుంచి వస్తుంటే ఆ డాగర్‌బోర్డ్ అడ్డం. అప్పుడు దాన్ని పైకి లాగేసి, దానికున్న పట్టీ చేతికి తగిలించుకుని, భుజానికి కూరల సంచీ వేసుకున్నట్టు వేలాడేసుకుని నడపాలి.

ఒక్కలైను_ఓబులేసు
రైతుబజార్ నుంచి వస్తున్నట్టు.

భీమిలి_తెప్ప
మీరంతా ఏదో కొత్త సంగతిలా మాట్లాడుతున్నారు. మా తాత తెప్ప మీద నిలబడి తెరచాప ఎత్తి సముద్రంలోకి వెళ్లొచ్చేవాడు. పలక, గాలి, గుడ్డ, మనిషి. ఇది అమెరికావాడు కనిపెట్టడమేంటి?

హుడ్‌రివర్_పిన్ని
@భీమిలి_తెప్ప మీ తాతగారికి నా దండం. కానీ తెప్పకి తెడ్డే చుక్కాని. దీనికి చుక్కాని లేకపోవడమే అసలు కిటుకు. మాస్ట్ ఎటు పడితే అటు వాలుతుంది. వెనక్కి వాలిస్తే ముక్కు గాలికి ఎదురు తిరుగుతుంది, ముందుకి వాలిస్తే గాలివాటుకి తిరుగుతుంది. ఆ జాయింట్ ఆలోచన జిమ్ డ్రేక్‌ది. విమానాల ఇంజినీరు, ఎక్స్-15 రాకెట్ విమానం మీద పనిచేసినాయన. హోయల్ ష్వైట్జర్‌తో కలిసి 1968లో పేటెంట్‌కి పెట్టారు, 1970లో వచ్చింది. తర్వాత డ్రేక్ తన వాటా 36,000 డాలర్లకి ష్వైట్జర్‌కి అమ్మేశాడు.

"మేమే ముందు" అన్నవాళ్లలో మీ తాతగారు ఒక్కరే కాదు లెండి. ఇంగ్లండ్‌లో పీటర్ చిల్వర్స్ 1958లో పన్నెండేళ్ల పిల్లాడిగా ఇలాంటిది చేసుకుని తిరిగాడని తేలి, 1985లో అక్కడి కోర్టు పేటెంట్ చెల్లదంది. అమెరికాలోనే న్యూమన్ డార్బీ 1965లో పత్రికలో బొమ్మలేసి మరీ చూపించాడు. ఆయనది గాలిపటం ఆకారం తెరచాప, దానికి వీపు ఆన్చి నిలబడాలి.

భీమిలి_తెప్ప
సరే, పన్నెండేళ్ల పిల్లాడు గెలిచాడంటే మా తాత కూడా గెలిచినట్టే.

కార్బురేటర్_కిట్టు
నాకు బోర్డుల గురించి తెలీదు, న్యూజెర్సీలో పాత కార్ల పిచ్చోణ్ణి. షెవెల్ అని కనిపించి ఆగా. గిరి అన్నా, అది 396 అని పైన రాసి ఉంటుంది గానీ 1970లో లోపలున్నది 402 క్యూబిక్ అంగుళాలు. సిలిండర్ కాస్త పెంచి, పేరు బాగా అమ్ముడవుతోందని పాత అంకె ఉంచేశారు. దానికి తిరగేసిన కేసు నా మొదటి కారు, 1989 మస్టాంగ్. 5.0 అని బ్యాడ్జీ, లెక్కేస్తే 4.9 లీటర్లే.

ఆ షెవెల్ నడుస్తుందా? ఫొటోలు పెట్టు.

గాలివాటు_గిరి
నడుస్తుంది. నెలకోసారి వీధి చివరిదాకా వెళ్లొస్తాడు. మా కిటికీ అద్దాలు అదురుతాయి. గ్యాలన్‌కి పది మైళ్లిస్తే ఆ రోజు పండగంటాడు.

అసలు సంగతి వినండి, ఆదివారం కాఫీకి కూర్చోబెట్టి చెప్పాడు. 1974లో ఈ బోర్డు కొన్నాడట. అప్పటికే ఆ కారుంది. ఈ బోర్డు ఆ కారు మీదే షెర్మన్ ఐలాండ్‌దాకా తీసుకెళ్లేవాడట. నేను నమ్మలేదు. రెండు తలుపుల కారు మీద పన్నెండడుగుల పలక ఎలా నిలుస్తుంది?

టెక్సాస్_తాత
ఎందుకు నిలవదు! పాత కార్లకి కప్పు అంచున వాననీళ్ల గాడి ఉండేది. ఆ గాడికి కొక్కేలు తగిలించి బిగిస్తే ర్యాక్ ఉడుంపట్టు. ఇప్పటి కార్లకి ఆ గాడే లేదు, ఒక్కో మోడల్‌కి ఒక్కో రకం కాళ్లు కొనాలి.

నాకు ఉండేది 1972 ఎల్ కమీనో. షెవెల్‌కి కజిన్ బ్రదర్, వెనక ట్రక్కు తొట్టి. 1984లో 1,200 డాలర్లకి కొన్నా. జీతం రాగానే ముందు దాని పెట్రోలు, తర్వాత అద్దె, మిగిలితే అన్నం. బోర్డు తొట్టిలో పడుకోబెట్టి, బయటికి వచ్చిన తోకకి ఎర్రగుడ్డ కట్టి, కార్పస్ క్రిస్టీ దగ్గర బర్డ్ ఐలాండ్ బేసిన్‌కి పోయేవాణ్ణి. అక్కడ నీళ్లు మొలలోతు. పడినా లేచి నిలబడొచ్చు, ఈత రానివాడికి స్వర్గం.

ఆ ఉప్పే బండిని తినేసింది. తడి సెయిల్ తొట్టిలో పడేసి అలాగే ఇంటికొచ్చేవాణ్ణి. నాలుగేళ్లకి తొట్టిలోంచి రోడ్డు కనిపించింది. తప్పు నాదే, ఒక్కనాడూ మంచినీళ్లతో కడగలేదు. మా ఆవిడ ఇప్పటికీ అంటుంది, "బోర్డు కడిగేవాడివి, బండి కడగలేదు" అని.

నీలం_అల
తెలియక అడుగుతున్నా, మజిల్ కార్ అంటే పాత పెద్ద అమెరికన్ కారు అని తప్ప ఇంకేమైనా అర్థం ఉందా? మస్టాంగ్ కూడా అదేనా?

కార్బురేటర్_కిట్టు
ఈ ప్రశ్న వేసి నిద్రపోగలిగినవాళ్లు లేరు :) నా లెక్క చెప్తా. మధ్యస్థం సైజు మామూలు కారు తీసుకుని, అందులో ఆ కంపెనీ దగ్గరున్న అతిపెద్ద వీ8 కుక్కడం. దీనికి ముహూర్తం 1964 పాంటియాక్ జీటీవో. ఆ సైజు కార్లలో 330 క్యూబిక్ అంగుళాలు దాటొద్దని జీఎం లోపల రూలుండేది. పాంటియాక్ ఇంజినీరు జాన్ డెలోరియన్ బృందం 389 ఇంజిన్‌ని కొత్త మోడల్ అనకుండా లెమాన్స్ అనే పాంటియాక్ కారుకి ఓ "ఆప్షన్" కింద పెట్టి రూలు పక్కనుంచి దాటేసింది. దాదాపు 300 డాలర్లు అదనం, అంతే. కుర్రాళ్లు ఎగబడ్డారు.

మస్టాంగ్ అదే ఏడాది ఏప్రిల్ 17న వచ్చింది. అది పోనీ కార్. చిన్నది, షోకైనది. పెద్ద ఇంజిన్ పెట్టినవాటిని మజిల్ అని పిలవొచ్చా అనేది కొట్టుకుచావాల్సిన విషయం. నేను పిలవను.

నాకు ముద్దొచ్చేది 1968 రోడ్ రన్నర్. షోకులన్నీ పీకేసి ఇంజిన్ మాత్రం ఉంచారు, బేస్ ధర 2,896 డాలర్లు. కార్టూన్ పక్షి పేరు వాడుకోవడానికి వార్నర్ బ్రదర్స్‌కి 50,000 డాలర్లు కట్టి, దాని "బీప్ బీప్" హారన్ కూడా పెట్టారు.

ఒక్కలైను_ఓబులేసు
మనకీ ఉందిగా మజిల్ కార్, కాంటెస్సా.

భీమిలి_తెప్ప
కండలు బయట, గుండె అంబాసిడర్‌ది. మా మావయ్యకి పాత 1.5 లీటర్ల కాంటెస్సా ఉండేది. సింహాచలం ఘాట్ ఎక్కుతుంటే పక్కన సైకిల్ తొక్కేవాడు కబుర్లు చెబుతూ వచ్చేవాడు. తర్వాత ఇసుజు 1.8 వేసినవి వచ్చాయి, అవి బాగానే లాగేవి. అయినా అంత పొడుగు బోనెట్ వేసుకుని జగదాంబ సెంటర్‌లో ఆపితే జనం తిరిగి చూసేవాళ్లు. ఇప్పుడొచ్చే కార్లని ఎవడు చూస్తాడు?

కార్బురేటర్_కిట్టు
@భీమిలి_తెప్ప 😂 నవ్వకు గానీ ఇక్కడా కొంత అదే కథ. 1970 షెవెల్ ఎల్ఎస్6 454 ఇంజిన్‌కి 450 హార్స్‌పవర్ అని రాసుకున్నారు. ఆ రోజుల్లో ఇంజిన్‌ని ఒంటరిగా స్టాండు మీద పెట్టి, ఫ్యాన్, ఆల్టర్నేటర్, కారుకుండే సైలెన్సర్ ఏవీ లేకుండా కొలిచేవాళ్లు. 1972 నుంచి అన్నీ తగిలించి కొలవడం మొదలుపెట్టగానే అంకెలు ఒక్కసారి దిగిపోయాయి. దానికి ముందు ఏడాదే సీసం తక్కువున్న పెట్రోలు కోసం జీఎం కంప్రెషన్ తగ్గించింది. కుర్రాళ్లకి ఇన్సూరెన్స్ కారు వాయిదాని మించిపోయింది. 1973లో అరబ్బులు చమురు ఆపారు. కథ కంచికి.

టెక్సాస్_తాత
ఇదే నేను ఎప్పట్నుంచో చెబుదామనుకుంటున్నది. రెండూ ఒకే జబ్బుతో పోయాయి. జీటీవో మొదట్లో కుర్రాడు కొనగలిగిన కారు. ఇంకా పెద్దది, ఇంకా పెద్దది అంటూ ఆరేళ్లలో 454 దాకా తీసుకెళ్లి మామూలోడికి అందకుండా చేశారు. బోర్డు తిరగేసి చిన్నదైంది. ఈ పన్నెండడుగుల పలక మీద ముసలమ్మ కూడా నిలబడుతుంది. అప్‌హాల్ తాడు లాగి సెయిల్ ఎత్తితే ఆరు నాట్ల (గంటకి 11 కి.మీ.) గాలికి కూడా సాగుతుంది. 80ల మధ్యకి ఎక్కడ చూసినా సింకర్లు. ఆగితే మునిగిపోయే బోర్డులు. వాటర్ స్టార్ట్, అంటే నీళ్లలో ఉండగానే గాలి సాయంతో బోర్డు మీదికి లేవడం, రానివాడు ఒడ్డునే కూర్చోవాలి. షాపువాడు కొత్తగా వచ్చినవాడికి కూడా అదే అంటగట్టేవాడు. రెండు వారాంతాలు మునిగి, గ్యారేజ్‌లో పెట్టి, గోల్ఫుకి పోయాడు. 1984లో లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లోకి ఆట వచ్చిన ఏడాది మా సరస్సులో ఆదివారం యాభై తెరచాపలు లెక్కపెట్టా. పదేళ్ల తర్వాత ఆరు.

హుడ్‌రివర్_పిన్ని
తాతగారూ, గౌరవంతోనే విభేదిస్తున్నా. సింకర్ లేకపోతే నేను ఈ ఆటలో ఉండేదాన్నే కాదు. మా కొలంబియా గోర్జ్‌ (నది లోయ)లో వేసవిలో పడమటి గాలి నదికి ఎదురు వీస్తుంది. నీళ్లు ఒకవైపు, గాలి ఇంకోవైపు, మధ్యలో నిలువెత్తు అలలు. పాతిక నాట్ల గాలిలో ఈ పన్నెండడుగుల పలక మీద డాగర్‌బోర్డ్ దింపి నిలబడండి, చూద్దాం. వేగం పెరిగేకొద్దీ ఆ డాగర్‌బోర్డే బోర్డుని అంచు మీద నిలబెట్టి మనిషిని విసిరేస్తుంది. ఫుట్‌స్ట్రాప్‌లు, హార్నెస్, చిన్న బోర్డు వచ్చాకే ఎగరడం అంటే ఏంటో తెలిసింది. 55 కిలోల ఆడమనిషి 60 పౌండ్ల బోర్డుని కారు మీదికి ఎత్తాలంటే పక్కన మగాణ్ణి అడగాలి. చిన్న బోర్డు చంకలో పెట్టుకుని నేను ఒక్కదాన్నే పోతా. పాత బోర్డు బంగారం అనేవాళ్లలో ఎక్కువమంది అది ఎత్తగలిగిన మగాళ్లే, గమనించండి.

ఇంకో మాట. 90ల చివర్లో బోర్డులు వెడల్పు చేశారు, నేర్చుకోవడం మళ్లీ సులువైంది. అయినా జనం గాలిపటం లాగే కైట్ బోర్డు వైపు పోయారు, ఇప్పుడు నీళ్ల కింది రెక్కతో పైకి లేచే ఫాయిల్. ఎందుకంటే కైట్ బ్యాక్‌ప్యాక్‌లో పడుతుంది, అపార్ట్‌మెంట్‌లో పడుతుంది. పన్నెండడుగులకి గరాజ్ కావాలి.

నీలం_అల
పిన్ని పాయింట్ 💯

టెక్సాస్_తాత
ఎత్తడం సంగతి ఒప్పుకుంటా. 1990 నుంచి నా నడుం కూడా నీ పక్షమే పిన్నీ. మిగతాది ఒప్పుకోను. గోర్జ్ వేరు, ప్రపంచంలో ఎక్కువ సరస్సుల్లో ఆదివారం ఎనిమిది నాట్లే వీస్తుంది. అందుకే కదా ఈమధ్య అదే పాత ఆకారాన్ని తేలికచేసి, 15 కిలోలకి దించి మళ్లీ అమ్ముతున్నారు. యూరప్‌లో రేసులు కూడా పెడుతున్నారు. జనానికి కావాల్సిందేంటో ఆలస్యంగా అర్థమైంది.

హుడ్‌రివర్_పిన్ని
15 కిలోలైతే నేనూ ఎత్తుతా. రాజీ.

కార్బురేటర్_కిట్టు
నాదో అభ్యంతరం. కార్లు పెద్దవయినందుకు పోలేదు. పొగ రూల్స్, ఇన్సూరెన్స్, చమురు వల్ల పోయాయి. బయటి దెబ్బలు. బోర్డులవి లోపలి దెబ్బలు. ఒకే జబ్బు కాదు తాతా.

టెక్సాస్_తాత
ఇన్సూరెన్స్‌వాడు ఊరికే పెంచాడా? 450 గుర్రాలు పంతొమ్మిదేళ్ల వాడి చేతికిస్తే చెట్టు ఎక్కడుందో వెతుక్కుని మరీ గుద్దాడు కాబట్టి పెంచాడు.

కార్బురేటర్_కిట్టు
...ఇది ఆలోచించాల్సిందే.

ఒక్కలైను_ఓబులేసు
గిరి ఏడీ? డాగర్‌బోర్డ్‌తో పాటు గాడిలో ఇరుక్కున్నాడా?

గాలివాటు_గిరి
వచ్చా వచ్చా. రెండు వారాల పని కబుర్లు.

సబ్బునీళ్లు పనిచేశాయి, రెండో రాత్రికి డాగర్‌బోర్డ్ ఊడింది. కాటా 78 పౌండ్లు చూపించింది, అంటే దాదాపు 18 పౌండ్ల నీళ్లు. పగులు దగ్గర రెండు రంధ్రాలు చేసి, ముక్కు కిందికి పెట్టి ఎండలో నిలబెట్టి, ఫ్యాన్ పెట్టా. కొంత కారింది. ఇప్పుడు 69. మిగతాది ఈ జన్మకి దిగేలా లేదు. వెల్డింగ్ చేశా, ఒక గుంట పడింది తాతా, మీకంటే ఒకటి తక్కువే. యూనివర్సల్ పిన్ని చెప్పినట్టే చీలి ఉంది, కొత్తది వేశా.

నిన్న కొయొటీ పాయింట్‌కి తీసుకెళ్లా. పొద్దున పది, ఎనిమిది నాట్లు. లోయలో ఎండ ముదిరి మధ్యాహ్నం గాలి ఊపందుకునే ముందే అని. పెద్దాయన నేనూ వస్తానన్నాడు. వస్తానని ఊరుకోలేదు, షెవెల్ తీశాడు. గరాజ్‌లో అట్టపెట్టెలు వెతికి ఆ గాడి కొక్కేలు బయటికి తీశాడు. నాలుగు ఉండాలి, మూడే దొరికాయి. నాలుగో మూలకి తాడుతో ముడేశాడు, తాత చెప్పిన ముడే అనుకుంటా, చేతులు చూసుకోకుండా వేశాడు. 101 హైవే ఎక్కలేదు, లోపలి రోడ్ల మీద నుంచి ముప్పై మైళ్ల వేగంతో. సిగ్నల్ దగ్గర టెస్లాలో ఓ కుర్రాడు అద్దం దించి "అదేంటి?" అన్నాడు. కారు గురించా బోర్డు గురించా అర్థం కాలేదు.

నీళ్లలో నా పరువు పోయింది. పదిహేనేళ్ల అనుభవం ఉందన్న పేరే గానీ అప్‌హాల్ తాడు పట్టుకుని నడుంతో లాగుతున్నా. ఒడ్డు నుంచి ఆయన అరుస్తున్నాడు, "మోకాళ్లతో! మోకాళ్లతో!" అని. ఆరుసార్లు పడ్డా. ఏడోసారి నిలబడింది. ఎనిమిది నాట్లకి నా షార్ట్ బోర్డు ఒడ్డున పడి ఉండేది, ఇది గుడి రథంలా మెల్లగా, తిన్నగా పోతూనే ఉంది. తిరిగొచ్చేసరికి ఆయన ప్యాంటు మోకాళ్లదాకా మడిచి నీళ్లలో నిలబడి ఉన్నాడు. ఒక్కసారి అన్నాడు. ఇచ్చా. 79 ఏళ్లు. మొదటి లాగులోనే సెయిల్ పైకి లేచింది. రెండు వందల గజాలు వెళ్లి, తిరిగొచ్చి, ఒక్క మాట మాట్లాడకుండా బోర్డు నాకిచ్చి వెళ్లి కార్లో కూర్చున్నాడు.

హుడ్‌రివర్_పిన్ని
పడలేదా?!

గాలివాటు_గిరి
పడలేదు. కానీ సెయిల్ పోయింది. యాభై ఏళ్ల డేక్రాన్ గుడ్డ కదా, ఎండకి మాడి కుట్లన్నీ కాగితంలా ఉన్నాయి. ఆయన తిరిగేటప్పుడే బూమ్ చివర దగ్గర మూరెడు చిరిగింది. వచ్చే నెల 10న ఆయన ఆరిజోనా ప్రయాణం. ఆలోగా ఇంకోసారి తీసుకెళ్దామనుకుంటున్నా. పాత రకం 5.2 చదరపు మీటర్ల సెయిల్, ఒక గాడి కొక్కెం ఎవరి దగ్గరైనా ఉన్నాయా?

కార్బురేటర్_కిట్టు
కారు ఆరిజోనా ఎలా పోతోంది? ట్రక్కు మీదా, నడుపుకుంటూనా? నడిపేటట్టయితే రేడియేటర్ గొట్టాలు మార్చమను. ఎడారి వేడికి పెట్రోలు కార్బురేటర్‌లోనే మరుగుతుంది, మధ్యాహ్నం పూట నడపొద్దని చెప్పు.

గాలివాటు_గిరి
నడుపుకుంటూ. రాత్రిపూట. కూతురు ఫోన్‌లో గొడవ, ఈయన వినట్లేదు.

టెక్సాస్_తాత
సెయిల్ నా దగ్గర ఉంది, రంగు వెలిసింది గానీ కుట్లు గట్టివే. కొక్కేలు ఎల్ కమీనోవి రెండు జతలు ఉన్నాయి, బండి పోయినా పారెయ్యలేదు. అడ్రసు మెసేజ్‌లో పెట్టు, రేపే పంపిస్తా. పోస్టేజీ నీది.

ఒక్కలైను_ఓబులేసు
ఉప్పు కడిగి పంపు తాతా.